బోర్డు మీద ఆ మాట తీసేశాం

మన కార్ల పాలిష్ షాపుకు బండ్లు తెచ్చే అన్నలకు, అక్కలకు, పెద్దలకు నమస్కారం.

కడపలో మన షాపు ముందు నుంచి పోయేవాళ్లు ఈ వారం గమనించే ఉంటారు. బోర్డు మీద "గీతలు 100% మాయం" అన్న వరుస ఇప్పుడు లేదు, దాని మీద తెల్ల పెయింటు కొట్టించాను. షాపు మూసేస్తున్నారా, పాత కార్లు తీసుకోవడం మానేశారా అని కొందరు ఫోన్ చేసి అడిగారు. రెండూ కాదు. ఆ మాట నిలబెట్టుకోవాలని పోయి ఒకరి బండి చెడగొట్టాను. అది మీరు ఇంకొకరి నోట వినేముందు నేనే చెప్పాలి.

పోయిన నెల ఒక సార్ తన ప్రీమియర్ పద్మిని తెచ్చారు. మన వైపు ఇప్పటికీ ఫియట్ అనే అంటాం. 1984 మోడల్, ముదురు నీలం, వాళ్ల నాయన కొన్న బండి. టాపు, బానెట్, కుడి పక్క అంతా కంపెనీ నాటి పెయింటే. నలభై ఏళ్ల ఎండకు పైన మసక పట్టి, నీలం మీద పాలు కలిపిన నీళ్లు చల్లినట్టు ఉంది. "నాయనా, ఈ మసక పోతే చాలు" అన్నారు. నేను కాగితం మీద "ఫుల్ పాలిష్" అని రాసుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది.

కుడి ముందు ఫెండర్ మీద, హెడ్‌లైట్ వెనక, రేకు మడత అంచు పక్కన జానెడు గీత ఒకటి ఉండింది. గోరు పెట్టి అడ్డంగా లాగితే టక్కున తగులుకుంది. గోరు తగులుకునే గీతను పూర్తిగా తీయకూడదని నాకు తెలుసు. పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, తెలియదంటే అబద్ధం. కానీ బయట బోర్డు అలా ఉంది, నా మనసులో కూడా అదే ఉంది. మిషన్ పట్టుకున్నది మా పిల్లలు కాదు, నేనే. ఒకే చోట గిర్రున తిరిగే పాత రోటరీ మిషన్‌కు ఉన్ని ప్యాడ్ బిగించి, పెయింటును అరగదీసే గట్టి కాంపౌండ్ పెట్టి మూడు సార్లు తిప్పాను. నాలుగోసారి గుడ్డతో తుడిస్తే గీత లేదు. దాని పక్కన మడత మీద చింతగింజంత బూడిద రంగు మచ్చ తేలింది. అది రంగు కింద వేసే ప్రైమర్. పెయింటు అయిపోయింది.

సాయంత్రం సార్ వచ్చారు. మచ్చ చూపించి జరిగింది చెప్పాను. ఆయన మచ్చ వైపు ఎక్కువసేపు చూడలేదు. ఫెండర్ మీద వేలు పెట్టి వెతుకుతున్నారు. "ఇక్కడొక గీత ఉండాల్నే?" అన్నారు. తీసేశాను సార్ అన్నాను. "ఆరో తరగతిలో సైకిల్ నేర్చుకుంటా హ్యాండిల్ గుద్దినాను. మా నాయన ఆ పొద్దు ఒక్క మాట గూడా అనలేదు. దాన్ని ఎవరు తీయమన్నారు నాయనా నిన్ను?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ మచ్చకు పెయింటరు చేత టచింగ్ చేయించాను. ఖర్చు నాదే, పాలిష్ డబ్బులూ తీసుకోలేదు. రంగు కంటితో చూసి కలపాల్సి వచ్చింది. నీడలో తేడా తెలియదు, పొద్దు వాలే వేళ పక్క నుంచి చూస్తే తెలుస్తుంది. అంతకన్నా బాగైందని చెప్పుకోలేను. మిగతా బండి మసక మటుకు తీయమని సార్ మళ్లీ నాకే అప్పజెప్పారు. పేరు రాయకుండా ఈ సంగతి అందరికీ చెప్పుకోవచ్చా అని అడిగితే సరేనన్నారు.

అసలు గీత పోవడమంటే ఏమిటో మీకు సరిగ్గా చెప్పకుండా ఇన్నేళ్లు డబ్బులు తీసుకున్నాను కాబట్టి ఇప్పుడు చెప్తాను. మిషన్ పాలిష్‌తో గీత పూడదు. గీత చుట్టూ ఉన్న పెయింటును గీత అడుగు దాకా అరగదీస్తాం. అంచులు లేకపోతే వెలుతురు తగులుకోదు, కంటికి కనపడదు. మన కడప బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు యర్రగుంట్ల, ముద్దనూరు దోవలో చూసే ఉంటారు. అక్కడా ఇదే పని, గరుకు రాయి నుంచి నున్నటి రాయి దాకా వరసగా. కానీ బండ అంగుళం మందం ఉంటుంది, కొంత పోయినా అడిగేవాళ్లు లేరు. కారు మీద ప్రైమరు, రంగు అన్నీ కలిపితే సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మన జిరాక్స్ కాగితం ఒక్కటి 100 మైక్రాన్లు ఉంటుంది. అంటే ఇనుముకూ ఎండకూ మధ్య ఉన్నది కాగితం మందమే. కొత్త కార్లలో రంగు పైనుండే క్లియర్ కోటు, అంటే రంగు లేని పారదర్శక పొర, అందులో 40, 50 మైక్రాన్లు. గట్టి కాంపౌండ్‌తో ఒక దఫా పని చేస్తే రెండు మూడు మైక్రాన్లు పోతాయి, మెత్తటి పాలిష్‌తో ఒకటి. పోయింది మళ్లీ రాదు.

మడతల మీద ఇంకా కష్టం. పెయింటు కొట్టినప్పుడు పచ్చిగా ఉన్న రంగు అంచు నుంచి పక్కలకు జారుతుంది, అందుకే అక్కడ పొర పలచన. ప్యాడ్ బరువంతా పడేదీ ఆ సన్నటి అంచు మీదే, వేడీ అక్కడే పుడుతుంది. ఇకనుంచి మిషన్ పెట్టేముందు ప్రతి మడతకూ, అంచుకూ టేపు వేస్తాం. టేపు వేసిన చోట చేత్తోనే పని.

పాత ఫియట్లు, అంబాసిడర్ల సంగతి ఇంకొకటి ఉంది. వీటిలో చాలావాటికి క్లియర్ కోటు లేదు, రంగే పై పొర. రుద్దితే ప్యాడ్‌కు రంగు అంటుతుంది. మీరు పక్కనే నిలబడి నీలమైన ప్యాడ్ చూసి భయపడొద్దు, పైన చచ్చిన పొర వస్తున్నదన్నమాట. అదే క్లియర్ కోటున్న కొత్త కారులో ప్యాడ్‌కు రంగు అంటితే మాత్రం ఆ క్షణమే మిషన్ ఆపాలి. ఏది ఏ రకమో బానెట్ లోపలి అంచున గుడ్డకు కొంచెం పాలిష్ అద్ది రుద్ది ముందే తేల్చుకుంటాం.

పెయింటు మందం కొలిచే మీటరు కొన్నాను. ఆరేళ్ల కిందే కొనాల్సింది. సార్ బండి మీద మొదట దాన్నే పెట్టాను. టాపు మీద 90, డోర్ మీద 125, ఎప్పుడో మళ్లీ పెయింటు వేసిన ఎడమ ఫెండర్ మీద 310. ఒకచోట వెయ్యి దాటింది, కింద పుట్టీ ఉందని అర్థం. ఇకనుంచి ప్రతి ప్యానెల్ లెక్క కాగితం మీద రాసి మీ చేతికిస్తాం. మీరు రేపు వేరే షాపుకు పోయినా అది పనికొస్తుంది. 80 కన్నా తక్కువ చూపించిన చోట మిషన్ పెట్టం. చేత్తో వాక్స్ పట్టిస్తాం, అంతే.

ముందు రెండడుగుల చదరంలో మెత్తటి ఫోమ్ ప్యాడ్, మెత్తటి పాలిష్‌తో నమూనా చేసి చూపిస్తాం. మిషన్ కూడా మార్చాను. కొత్తది తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది, వేడి ఒకే చోట నిలవదు. పని నిదానమవుతుంది. గోరు తగులుకోని సన్న గీతలు, సాలెగూడులా కనిపించే గుండ్రటి గీతలు దాంతోనే పోతాయి. గోరు తగులుకునేవాటికి అంచులు కొంచెం నున్నగా చేస్తే ఎండలో మెరిసి కంటికి కొట్టడం తగ్గుతుంది. గీత మటుకు ఉంటుంది.

ఒప్పుకోవాల్సింది ఇంకొకటి. పండగ ముందు రద్దీలో నూనె ఎక్కువుండే పాలిష్ పూసి కొన్ని బండ్లు ఇచ్చేశాను. ఆ నూనె గీతల్లో కూర్చుని రెండు మూడు వాషుల దాకా కనపడనివ్వదు, తర్వాత గీతలన్నీ తేలతాయి. అలా తేలినవాళ్లు బండి తీసుకురండి, మళ్లీ చేసిస్తాను, డబ్బులొద్దు. ఇకనుంచి పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, మీరే టార్చి పట్టుకుని చూసుకున్నాకే తాళాలిస్తాం.

వీటన్నిటి వల్ల పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకుపోవడం కుదరదు. పాత కారుకు రెండు రోజులు, కొన్నిటికి మూడు. మార్చి నుంచి జూన్ దాకా మిషన్ పని పొద్దున 6 నుంచి 10 లోపలే చేస్తాం. మన ఎండలో రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, కాంపౌండ్ ఎండి పొడై అదే మళ్లీ గీతలు పెడుతుంది. రేటు 3,500 ఉన్నది పాత కార్లకు 5,500 చేశాను. ఎక్కువే అని తెలుసు. తొందరగా, తక్కువలో కావాలనుకునేవాళ్లు వేరేచోటికి పోయినా నాకు బాధ లేదు.

ఇంటి దగ్గర మీరు చేయగలిగింది ఒక్కటే అడుగుతున్నాను. పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము దులపొద్దు. మన దుమ్ములో ఎర్రమట్టి ఉంది, బండల ఫ్యాక్టరీల పొడి ఉంది. దాన్ని గుడ్డ కింద పెట్టి రుద్దడమంటే ఎమరీ పేపరు పట్టడమే. మేం తీసే గీతల్లో ఎక్కువ భాగం ఆ గుడ్డ పెట్టినవే. ముందు నీళ్లు పోసి దుమ్ము జారనిచ్చి, తర్వాత షాంపూ. బోరు నీళ్లయితే ఆరేలోపల తుడిచేయండి, తెల్ల మరకలు పడితే వాటికీ మళ్లీ అరగదీయాల్సి వస్తుంది.

కొత్త కాగితంలో ఒక గడి ఎక్కువ పెట్టించాను: "ముట్టుకోకూడనివి". బండి అప్పజెప్పేటప్పుడు అది మీ చేతులతోనే నింపండి. సోమవారం రాబోయే అంబాసిడర్‌కు ఆ గడి అప్పుడే నిండింది. డిక్కీ మీద పెళ్లినాడు అంటించిన పేర్ల స్టిక్కర్ ఎప్పుడో ఊడిపోయింది, దాని కింద ఎండ తగలని చోట అక్షరాలు మాత్రం ముదురు రంగులో నిలిచిపోయాయి. ఆ రెండు పేర్ల చుట్టూ టేపు వేయమని ఆ అక్క రాసిచ్చారు.