కడుపులో పెట్టుకొమ్మనే ముందు

సంపాదకులకు నమస్కారం.

వినాయక నవరాత్రులు, మిలాద్ ఊరేగింపులు దగ్గరపడేసరికి వరంగల్ నుంచి నిర్మల్ దాకా పోలీస్ స్టేషన్లలో శాంతి కమిటీలు కూర్చుంటాయి. గొడవ జరగకముందు కూర్చునే కమిటీ మీద మాకు ఫిర్యాదు లేదు. ఊరేగింపు దారి, డీజే ఆపాల్సిన చోటు, నిమజ్జనం వేళ తేల్చుకోవడానికి అది కావాల్సిందే. గొడవ జరిగిన తర్వాత అదే కమిటీ, అవే కుర్చీల్లో కూర్చొని, ఇల్లు కాలిన వాళ్లను పిలిచి 'అయిందేదో అయింది, కడుపుల పెట్టుకోండ్రి' అంటుంది. ఈ ఉత్తరం ఆ మాట గురించే.

రాజీ పెద్దమనుషులు కుదర్చగలరు. ఇద్దరినీ కూర్చోబెట్టి కాగితం రాయించగలరు. క్షమ మాత్రం నష్టపోయిన మనిషి లోపల జరగాల్సింది. ఆ మనిషి తరఫున మసీదు కమిటీ అధ్యక్షుడు గానీ, ఉత్సవ సమితి గానీ, సర్పంచ్ గానీ ఇచ్చేది కాదు. బూడిద వాసన కూడా పోకముందే ఈ రెండింటినీ కలిపి ఒకే కాగితం మీద సంతకం తీసుకుంటున్నారు. తర్వాత ఆ కాగితమే చూపించి సాక్షులను వెనక్కి లాగుతారు. సాక్షులు ఎదురు తిరిగితే కేసు కొట్టుడుపోతుంది. 'మా మీద అబద్ధం కేసు పెట్టిండ్రు' అని నిందితులు ఊరంతా చెప్పుకుంటారు. ఇల్లు పోగొట్టుకున్న మనిషికి చివరికి అబద్ధాలకోరు అన్న పేరు మిగులుతుంది. అట్లా మిగిలిన మనిషిని క్షమించమని అడగడానికి ఎవరికి నోరొస్తుంది?

చట్టం సంగతి ముందు తెలియాలి. రాజీ పడదగిన నేరాల పట్టిక, కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్‌లో ఉంది. కావాలని మతం గురించి మాట తూలి ఒకరి మనసు గాయపరచడం (నేరాలూ శిక్షలూ చెప్పే భారతీయ న్యాయ సంహితలో 302వ సెక్షన్) ఆ పట్టికలో ఉంది. రాజీకి ఒప్పుకునే హక్కు ఎవరి మనసు నొచ్చిందో వాళ్లదేనని అక్కడే రాసి ఉంది. చిన్నచిన్న దెబ్బలూ అందులోకి వస్తాయి. మూకగా దాడి చేయడం, వర్గాల మధ్య ద్వేషం రగిలించడం (196), ప్రార్థనా స్థలాన్ని అపవిత్రం చేయడం (298), ఇంటికి నిప్పు పెట్టడం, హత్య అందులో లేవు. వీటిని మాఫీ చేసే అధికారం ఏ శాంతి కమిటీకీ లేదు. ప్రభుత్వమే కేసు ఉపసంహరించుకోవాలన్నా సురక్షా సంహిత 360వ సెక్షన్ కింద పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం ప్రకారం, బాధితులకు తమ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా కోర్టు ఆ అనుమతి ఇవ్వకూడదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా పోలీసులు బాధితులకు తెలియజేయాలి. ఈ రెండు ముక్కలూ శాంతి సమావేశంలో గట్టిగా చదివి వినిపిస్తే సగం ఒత్తిడి అక్కడే తగ్గుతుంది.

'దేవుణ్ణి నమ్మినవాళ్లు కేసు పట్టుకొని తిరుగుతరా?' అని కూడా అడుగుతారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో క్రైస్తవ మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్లు ఒకరికి, ఆరేళ్లు ఒకరికి ఉన్న ఇద్దరు కొడుకులతో సహా, వాహనంలో నిద్రపోతుండగా తగలబెట్టారు. చంపినవాళ్లను క్షమిస్తున్నానని ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ లోకం ముందు చెప్పారు. కేసు మాత్రం ఆగలేదు. ప్రధాన నిందితుడికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. శిక్ష పడినంత మాత్రాన ఆమె క్షమ చిన్నదైపోలేదు.

అంతదూరం ఎందుకు, మన బమ్మెర పోతన భాగవతంలో ద్రౌపదిని చూడండి. నిద్రలో ఉన్న అయిదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. చంపాల్సిందేనని భీముడు. ద్రౌపది వద్దంది, తాను ఏడ్చినట్టు వీడి తల్లి కృపి ఏడవకూడదంది. ఈ మాట అందరికీ గుర్తుంటుంది. అంతకుముందు ఆమె అడిగినదాన్ని మరిచిపోతాం. నీ మీదికి యుద్ధానికి రాని, నీకే ద్రోహమూ చేయని పసివాళ్లను చీకట్లో చంపడానికి నీకు చేతులెట్లా ఆడాయని మొహం మీదే అడిగింది. అది అడిగాకే విడిచిపెట్టమంది. అప్పుడైనా అతను ఊరికే పోలేదు. జుట్టు కోసి, తలలోని మణి తీసుకొని, శిబిరం నుంచి వెళ్లగొట్టారు. ముందు నిలదీయడం, తర్వాత దయ, ఆ తర్వాత శిక్ష. మన కమిటీలు మొదటిదీ చివరిదీ తీసేసి నడుమది ఒక్కటే అడుగుతున్నాయి.

ప్రవక్త ముహమ్మద్ పినతండ్రి హంజాను ఉహుద్ యుద్ధంలో చంపిన వహ్షీ, తర్వాత ఇస్లాం స్వీకరించి ఎదుటికి వచ్చాడు. ప్రవక్త ప్రతీకారం తీర్చుకోలేదు. నీ ముఖం నాకు కనబడకుండా ఉండగలవా అని మాత్రం అడిగారని హదీసుల్లో ఉంది. క్షమించాక కూడా ఎదురుపడి చూడలేకపోవచ్చు, దాన్ని విశ్వాసంలో లోటుగా లెక్కపెట్టకూడదు. తౌబా, అంటే పశ్చాత్తాపపడి దేవుడి వైపు మళ్లడం, దాని విషయంలోనూ అంతే. చేసింది మానుకోవడం, పశ్చాత్తాపం, మళ్లీ చేయనన్న నిశ్చయం, ఇవి మాత్రమే చాలవు. సాటి మనిషి హక్కు పోయినచోట దాన్ని తిరిగి ఇవ్వాలి, లేదా ఆ మనిషినే మాఫీ అడగాలి. బైబిల్లో లూకా 17వ అధ్యాయం సోదరుడు తప్పు చేస్తే ముందు గద్దించమంటుంది, మారితే క్షమించమంటుంది. భర్తను పోగొట్టుకున్న ఆమెతో 'క్షమించకపోతే నీ ప్రార్థన దేవుడు వినడు' అనే పాస్టర్లు, శత్రువు మీద శాపాలున్న 109వ కీర్తన ఒకసారి తీసి చదవాలి. అంత కోపం కూడా ప్రార్థనలోనే ఉంది.

ఇక క్షమాపణ అడిగే తీరు. మన భాషలో చేసినవాణ్ణి దాచడం చాలా సులువు. 'ఏదో జరిగిపోయింది', 'తప్పైపోయింది', 'ఎవరికన్నా బాధ కలిగితే మన్నించండి' అంటాం. ఈ మాటల్లో మనిషి లేడు. నిప్పు దానంతటదే అంటుకున్నట్టు ఉంటుంది. విన్నవాళ్ల కడుపు మండేది ఇక్కడే. 'మీ కుట్టుమిషన్ల దుకాణం తగలబెట్టినం, ఆపాల్సిన పెద్దలం ఆపలేదు' అన్న ఒక్క వాక్యం పది శాంతి ర్యాలీల కంటే ఎక్కువ పని చేస్తుంది. ఇందులో ఒక చిక్కుంది, దాచకూడదు. నిందితుడు నలుగురిలో ఒప్పుకుంటే ఆ మాట కోర్టులో సాక్ష్యంగా రావచ్చు. అందుకే వకీళ్లు నోరు విప్పొద్దంటారు. దానికి దారి కూడా ఉంది. కేసులో లేని పెద్దలు, పేర్లు ఎత్తకుండా, తమ వర్గం చేసిన పనిని తమ నోటితో చెప్పాలి. అదీ స్టేషన్‌లో కాదు, కాలిన ఇంటి గడప దగ్గరికి పోయి చెప్పాలి. ఇద్దరు ముగ్గురి కంటే ఎక్కువ వెళ్లొద్దు, వాళ్లలో ఒక ఆడమనిషి ఉండాలి. జవాబు అప్పటికప్పుడే ఇవ్వమని అడగొద్దు. 'మావల్ల కాదు' అన్నా విని రావాలి.

నష్టం లెక్క మొదటి వారంలోనే రాయించాలి. పంచనామాలో 'ఇంటి సామాను' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. మిషన్లెన్ని, తోపుడుబండి ఎవరిది, పాసుపుస్తకం, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు కాలాయా, వేటికవే రాయించి ఫొటోలు తీయించాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోవాలి. మతఘర్షణలో మనిషి చనిపోయినా, 50 శాతం లేదా అంతకు పైగా శాశ్వత వైకల్యం వచ్చినా కేంద్ర పథకం కింద రూ. 5 లక్షలు ఉన్నాయి, జిల్లా కలెక్టర్ ద్వారా అడగాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో బాధితుల పరిహారానికి వేరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇవి సర్కారు ఇచ్చేవి. అవతలి వర్గం తన చేతితో కట్టించే నాలుగు రేకుల షెడ్డు విలువ వేరు.

2008 అక్టోబరులో ఇప్పటి నిర్మల్ జిల్లా భైంసా అల్లర్ల వేళ పక్కనున్న వటోలిలో ఒకే ఇంటివాళ్లు ఆరుగురు సజీవ దహనమయ్యారు. అదే భైంసా 2020 జనవరిలో, 2021 మార్చిలో మళ్లీ భగ్గుమంది. నివురు కప్పితే నిప్పు ఆరదు. కాజీపేట దర్గాకు మొక్కులు తీసుకుపోయే హిందువులు, పీరీల పండుగకు ఊరంతా కదిలే పల్లెలు, దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి ఇచ్చే అలయ్ బలయ్ మనకు ఉన్నాయి. కానీ దుకాణం కాలిన మనిషిని వెంటనే వేదికెక్కించి ఆలింగనం చేయించొద్దు. ఆ జమ్మి తనంతట తాను తెచ్చే దసరా దాకా ఆగాలి, ఎన్ని దసరాలైనా సరే.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. గొడవ తర్వాత రెండు వర్గాల పెద్దలు చేతులు కలిపిన ఫొటో వచ్చినప్పుడు, కాలిన ఇంటి యజమాని అందులో ఉన్నాడా అని మీ విలేకరిని అడగండి. లేకపోతే ఫొటో కింద 'ఇరువర్గాల రాజీ' అని వేయకండి. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో వేయండి. ఆర్నెల్ల తర్వాత ఆ ఇంటికి పైకప్పు పడిందో లేదో మళ్లీ వెళ్లి చూసి రాయండి.

– మతఘర్షణల బాధితుల తరఫున వాదించే కొందరు న్యాయవాదులు, హనుమకొండ