ప్రార్థన టెన్షన్ తగ్గించే గోలీ కాదండీ

సంపాదకులకు నమస్కారం.

ప్రార్థన చేసుకుంటే మనసుకు హాయి, బీపీ అదుపులో ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది అంటూ మీ పత్రికలో ఆదివారం వచ్చిన వ్యాసం చదివాను. రాసినాయన మంచి మనసుతోనే రాశారు, మా క్రైస్తవ విశ్వాసం గురించి గౌరవంగానే రాశారు, కాదనను. కానీ పొద్దున్నే ఎవరూ లేని గదిలో కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటే చాలు అన్నట్టు చెప్పుకొచ్చారు చూడండి, అక్కడే నాకు పేచీ. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇక్కడ మా సంఘంలో చాలా ఇండ్లకు ఉన్నదే ఒక్క గది, పిల్లలూ పొయ్యీ వడ్ల బస్తాలూ అన్నీ అందులోనే. ఆయన లెక్కన మా ఆడవాళ్ళకు ప్రార్థన యోగమే లేదన్నమాట.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోమని ప్రభువే చెప్పాడు కదా అనొచ్చు. చెప్పాడు. అది వీధి మూలల్లో నిలబడి పదిమంది చూసేలా ప్రార్థించేవాళ్ళ గురించి చెప్పిన మాట, గది లేనివాళ్ళు ప్రార్థించొద్దని కాదు. బైబిల్లో నెహెమ్యా సంగతి చూడండి, రాజుగారికి ద్రాక్షారసం అందించే ఉద్యోగం ఆయనది. ఏం కావాలని రాజు అడిగితే, నోరు తెరిచేలోపే దేవునికి ఒక మాట చెప్పుకుని, ఆ తర్వాత యెరూషలేము కట్టుకోవడానికి సెలవు ఇమ్మని అడిగాడు. రాజు ముందు నిలబడి కళ్ళు మూసుకుని ఉండడు లెండి. మా నాయనమ్మ ప్రార్థన కూడా ఈ బాపతే. ఆమెకు చదువు రాదు, ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థన మాత్రం నోటికి వచ్చు. తెల్లారి వాకిలి ఊడుస్తూ బర్రెనూ, పొలాన్నీ, బొంబాయి పోయిన కొడుకునూ, పక్కింటి కోడలి కాన్పునూ ఒక్కొక్కటే దేవునికి అప్పజెప్పేది. మధ్యలో కోళ్ళను అదిలించి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మళ్ళీ అందుకునేది. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మిషనరీలు అబ్రహం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో పని మొదలుపెట్టిన నాటి నుంచీ మా దిక్కు సంఘాల్లో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్ళే, వాళ్ళకు ప్రార్థనకని విడిగా టైం ఎక్కడిది?

మొన్న యాసంగి వడ్లప్పుడు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ దగ్గర చూసింది చెప్తాను. తేమ 17 శాతం దాటితే కొనరు కాబట్టి ఆరబోసుకుని రోజుల తరబడి కాపలా ఉండాల్సిందే. సాయంత్రం మబ్బు పట్టింది. మా సంఘంలో చిన్నమ్మ వరసయ్యే ఒకామె "ప్రభువా, వాన కొట్టనీయకు ప్రభువా" అనుకుంటూనే వడ్లు కుప్ప చేసి, పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టింది. నోరూ ఆగలేదు, చెయ్యీ ఆగలేదు. పక్క కుప్పవాళ్ళు ఊర్లోకి పోయి ఉన్నారు. వాళ్ళతో ఈమెకు గెట్టు పంచాయితీ నడుస్తోంది, అయినా వాళ్ళ వడ్ల మీద కూడా పట్టా లాగి కప్పింది. వాళ్ళవి నీకెందుకు చిన్నమ్మా అంటే, "ప్రార్థన చేసుకుంటా వాళ్ళయి తడుస్తుంటే చూసుకుంటా నిలబడాల్నా" అని నా మీదికే వచ్చింది. వాన మాత్రం ఆగలేదు, గట్టిగానే కొట్టింది.

ఇందులో ఆమెకు తగ్గిన టెన్షన్ ఏముంది? ప్రార్థన చేసినందుకు ఇంకో పని మీద పడింది. గెత్సేమనే తోటలో ప్రభువు ప్రార్థిస్తుంటే చెమట రక్తబిందువుల్లా నేలమీద పడిందని లూకా రాశాడు, తప్పించమని అడిగిన శ్రమల గిన్నె తప్పిపోనూ లేదు. పరలోక ప్రార్థననే తీసుకోండి. మాకు బాకీ పడ్డవాళ్ళను మేము క్షమించినట్టే మమ్మల్ని క్షమించు అని రోజూ అడుగుతాం, అంటే మన మీద మనమే షరతు పెట్టుకుంటున్నాం. చిట్టీ పైసల దగ్గర తమ్ముడితో మాటలు బంద్ పెట్టినవాడు ఆ మాట మనసుపెట్టి అంటే ఉన్న మనశ్శాంతి కూడా పోవాలి. పేతురు అయితే ఇంకా సూటిగా, భార్యను గౌరవంగా చూడకపోతే మగవాడి ప్రార్థనకే అడ్డం వస్తుందన్నాడు (బైబిల్లో పేతురు మొదటి పత్రిక 3:7). శనివారం రాత్రి తాగొచ్చి కొట్టి, ఆదివారం ముందు వరుసలో చేతులెత్తేవాళ్ళు మా ఊళ్ళల్లో లేరా? ఈ వచనం మీద ప్రసంగం నేనైతే వినలేదు. ఏ పాస్టరుగారైనా చెప్పి ఉంటే సంతోషం.

ఇక మావాళ్ళతో చెప్పాల్సింది కూడా ఒకటుంది. ఇండ్లల్లో కుటుంబ ప్రార్థన తగ్గింది, వేరేవాళ్ళతో చేయించుకోవడం ఎక్కువైంది. టీవీలో నంబరు కనిపిస్తే ఫోన్ చేసి పేరు రాయించుకుంటారు. వాట్సాప్ గ్రూపులో ప్రేయర్ రిక్వెస్ట్ పెడితే కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు, అందులో మోకాళ్ళ మీదికి వెళ్ళిందెవరో దేవునికే తెలియాలి. ఒకరి కోసం ఒకరు ప్రార్థించడం తప్పని కాదు, మన బిడ్డ కోసం మనం నాలుగు ముక్కలు అడగలేకపోవడం ఏంటని. ఇంకొందరు ప్రార్థన నూనె సీసా తెచ్చుకుని షుగర్ గోలీలు మానేస్తున్నారు, ఇది మరీ ఘోరం. పౌలు అంతటివాడు, తన శిష్యుడు తిమోతి కడుపు బాగోలేదంటే ఏం తాగితే నయమో చెప్పాడు గదా. మన పాలమూరు జిల్లాలో మెన్నోనైట్ బ్రెదరన్ అనే క్రైస్తవ శాఖ మిషన్ వాళ్ళు ప్రార్థన నేర్పి ఊరుకోలేదు, జడ్చర్లలో ఆసుపత్రి కూడా కట్టారు.

మా జిల్లాలోనే మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళతో నడుములు వంగినవాళ్ళను స్వస్థత సభల్లో ముందు వరుసలో కూర్చోబెట్టడం చూస్తే నాకు కడుపు మండుతుంది. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. ఒకసారి వంగిన ఎముకను మళ్ళీ నిలబెట్టే మందు డాక్టర్ల దగ్గర కూడా లేదు, తాగే నీళ్ళు మార్చడమే దారి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. మన పేరు పుస్తకాలకెక్కింది గానీ మంచినీళ్ళ కోసం మనవాళ్ళు ఏండ్లకేండ్లు ధర్నాలు చేయాల్సి వచ్చింది. ఆ స్వస్థత సభ టెంటు కింద కూర్చున్న ముసలమ్మ పక్కన కూర్చుని చేసే ప్రార్థన వేరు, స్టేజీ మీంచి నీ నడుము నిలబడును గాక అని కేకేసి కారెక్కిపోయే ప్రార్థన వేరు. ఆ కేకలైనా రాత్రి 10 దాటాక మైకులో పెట్టకండి, చట్టమూ ఒప్పుకోదు, పదో తరగతి పరీక్షలున్న పక్కింటి పిల్లా ఒప్పుకోదు.

సంపాదకులకు ఒక మనవి. ఈ విషయం మీద ఇంకా రాయించేదుంటే, పాస్టర్లనూ మానసిక నిపుణులనూ అడిగినట్టే వలస పోయినవాళ్ళ ఇండ్లకు కూడా ఎవరినైనా పంపండి. కొడంగల్, నారాయణపేట దిక్కు నుంచి బొంబాయి, పుణె పనులకు పోయినవాళ్ళ ఇండ్లల్లో ముసలివాళ్ళూ పిల్లలూ పడుకోబోయే ముందు ఏం అడుగుతారో వినండి. ఫోన్ రావాలని అడుగుతారు, పనికి తీసుకుపోయిన మేస్త్రీ కూలి లెక్క సరిగ్గా చెప్పాలని అడుగుతారు. ఆ మేస్త్రీల్లో చర్చికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. రాత్రి ప్రార్థనలో వాళ్ళేం అడుగుతున్నారో అది కూడా కనుక్కుని రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా