ఆ ఖాళీ గడి

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఫోనులో చెబితే "సరే అమ్మా" అంటూనే మరో పని చూసుకుంటావని తెలుసు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. ప్రతి ఆదివారం ఏడిపించి మరీ నీకు తెలుగు చదవడం నేర్పాను. ఇప్పుడు ఆ బాకీ వసూలు చేసుకుంటున్నాను అనుకో.

మొన్న నువ్వన్న మాట రెండు రోజులుగా నా చెవిలోనే తిరుగుతోంది. "ఆఫీసు ఇన్సూరెన్స్ ఫారం నింపేశానమ్మా, ప్రైమరీ డాక్టరు గడి ఒక్కటే ఖాళీగా వదిలేశాను, తర్వాత చూస్తాను" అన్నావు. వచ్చే నెల నీకు 26 నిండుతాయి. పిల్లలను 26 ఏళ్లు నిండేదాకా తల్లిదండ్రుల ఇన్సూరెన్సులో ఉంచుకోవచ్చని ఇక్కడ అమెరికాలో 2010లో వచ్చిన చట్టం పుణ్యమా అని ఇన్నాళ్లూ మా ప్లానులో ఉన్నావు. ఆ నెలాఖరుతో అది సరి. గడువు లోపలే ఫారం నింపావు, సంతోషం. కానీ నువ్వు తీసుకున్నది హెచ్‌ఎమ్‌ఓ, అంటే ముందు మన ప్రైమరీ డాక్టరు చూసి పంపితేనే స్పెషలిస్టు చూసే రకం ప్లాను. పీపీఓ అయితే నేనూ ఇంత రభస చేసేదాన్ని కాదు, అందులో ఏ స్పెషలిస్టు దగ్గరికైనా నేరుగా వెళ్లవచ్చు. హెచ్‌ఎమ్‌ఓలో ఆ గడి ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. నువ్వు నింపకపోతే చాలా ప్లాన్లలో వాళ్లే నీ జిప్ కోడ్ చూసి ఎవరో ఒకరి పేరు వేసి కార్డు పంపిస్తారు.

2000లో నాకు అలాంటి కార్డే వచ్చింది. అప్పటికి నువ్వు ఇంకా పాకుతున్నావు. నా పేరు కింద మరెవరిదో పేరు ఉంటే, ఆ కంపెనీ మేనేజరు కాబోలు అనుకుని కార్డును సొరుగులో పడేశాను. ఆ చలికాలం నాకు గుండె దడ, చేతులు వణకడం మొదలయ్యాయి. పక్కింటావిడ థైరాయిడ్ అని తేల్చేసి, తను చూపించుకునే స్పెషలిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ ఇప్పించింది. నిన్ను బండిలో కూర్చోబెట్టి మంచులో తోసుకుంటూ వెళ్లాను. కిటికీ వెనుక ఉన్న అమ్మాయి కార్డును అటూ ఇటూ తిప్పి చూసి "రిఫరల్ ఏది?" అంది. ఆ మాటకు అర్థం తెలియక పాస్‌పోర్టు తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి నవ్వలేదు, పాపం. పాస్‌పోర్టు తిరిగి నా చేతిలో పెట్టి, ముందు నీ ప్రైమరీ డాక్టరు చూడాలి, ఆయన పంపితేనే మేము చూస్తాం అని నెమ్మదిగా చెప్పింది.

ఇంటికి వచ్చి సొరుగు వెతికి, కార్డు మీదున్న ఆయనకు ఫోన్ చేశాను. ఆయన ప్రాక్టీసు మానేసి ఏడాది దాటిందట. వేరే డాక్టరును పెట్టమని అడిగితే, ఆ మార్పు వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అమలవుతుందన్నారు. అన్నీ తెమిలి నా చేతికి మందు వచ్చేసరికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ నిన్ను ఎత్తుకోవాలంటే, ఎక్కడ జారవిడుస్తానోనని భయం.

ఇక ఇది చదివి కోపం తెచ్చుకోకు. నీ ప్లాను వెబ్‌సైట్‌లో మీ ఇంటికి పది మైళ్ల లోపల ఉన్న ఆరుగురిని ఏరి నిన్న ఉదయం నేనే ఫోన్లు చేశాను. ఒక నంబరు అసలు పనిచేయలేదు. ఒకాయన రిటైరయ్యారు. ఇద్దరు కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదు. ఒకావిడ తీసుకుంటారు కానీ నాలుగు నెలలు ఆగాలి. ఆరో చోట మాత్రం పదకొండు రోజుల్లో చూస్తామన్నారు. ఆ జాబితాలను 90 రోజులకొకసారి సరిచూడాలని 2022 నుంచి చట్టం ఉంది, అయినా పరిస్థితి ఇది. జాబితాలో నెట్‌వర్క్‌లో, అంటే ప్లానుతో ఒప్పందం ఉన్న డాక్టర్లలో, ఉన్నట్టు చూపించి, వెళ్లాక కాదని తేలితే, నెట్‌వర్క్ లెక్క ప్రకారమే నీ వాటా తీసుకోవాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి పేరు చూసిన రోజే ఆ పేజీని తేదీతో సహా ఫోటో తీసి పెట్టుకో.

ఫోన్ చేసినప్పుడు "మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా?" అని అడగకు. తీసుకుంటాం అనే అంటారు. బిల్లు ఎవరికైనా పంపవచ్చు, దానికేం. ఒకే కంపెనీకి డజను ప్లాన్లుంటాయి, ఒకే డాక్టరు రెండు చోట్ల కూర్చుంటారు. కార్డు మీదున్న ప్లాను పేరు పూర్తిగా చదివి, ఈ డాక్టరు ఈ చిరునామాలో ఈ ప్లాను నెట్‌వర్క్‌లో ఉన్నారా అని అడుగు. అదే ప్రశ్న కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోన్ చేసి మళ్లీ అడుగు. రెండు చోట్లా ఒకే జవాబు వస్తేనే నమ్ము. రక్తపరీక్షలు ఏ ల్యాబుకు పంపుతారో కూడా కనుక్కో. డాక్టరు నెట్‌వర్క్‌లో ఉండి ల్యాబు లేకపోతే ఆ బిల్లు విడిగా వస్తుంది. మీ నాన్నకు ఒకసారి వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆయన నెల రోజులు ఇల్లంతా తిరిగారు.

ఇంకొకటి, దీన్ని నేను చాలా ఆలస్యంగా గ్రహించాను. హెచ్‌ఎమ్‌ఓలో ఎంచుకునేది ఒక్క డాక్టరునే అనుకుంటాం. చాలా చోట్ల ఆ డాక్టరు ఒక మెడికల్ గ్రూపులో ఉంటారు, రిఫరల్స్ ఆ గ్రూపు స్పెషలిస్టులకే వెళతాయి. పిల్లనిచ్చేటప్పుడు అబ్బాయి ఒక్కడినే చూస్తామా? "మీరు ఏ ఆసుపత్రికి పంపుతారు?" అని ముందే అడుగు. రేపు ఏదైనా పెద్ద అవసరం పడితే నువ్వు వెళ్లేది అక్కడికే.

డాక్టరు చదువు సంగతి పెద్ద చిక్కేమీ కాదు. ఫ్యామిలీ మెడిసిన్ అయినా ఇంటర్నల్ మెడిసిన్ అయినా నీ వయసుకు సరిపోతుంది. ఎమ్‌డీ అయినా, ఇక్కడి మరో డాక్టరు డిగ్రీ డీఓ అయినా నాకు ఒకటే. లైసెన్సు మీద ఏమైనా మచ్చలున్నాయేమో మీ రాష్ట్ర మెడికల్ బోర్డు వెబ్‌సైట్‌లో రెండు నిమిషాల్లో చూడవచ్చు. జనం ఇచ్చే నక్షత్రాలను మాత్రం అంతగా పట్టించుకోకు. వాటిలో సగం పార్కింగ్ గురించే. తెలుగు డాక్టరే కావాలని నేను పట్టుబట్టను. ఒక తెలుగాయన దగ్గరికి వెళితే మీ ఊరేది, మా ఊరేది అని మాట్లాడుకుంటూ బీపీ చూడడమే మరిచిపోయాం, ఇద్దరమూ.

అయితే ఎవరైనా సరే, మన ఒంటి సంగతి తెలిసి ఉండాలి. 2018లో వచ్చిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాలు ఉండటాన్నే గుండెజబ్బు ముప్పును పెంచే అంశాల్లో ఒకటిగా చేర్చారు. షుగరు పరీక్ష విషయంలోనూ అంతే. మిగతావారికి బీఎమ్‌ఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 25 దగ్గర మొదలయ్యే లెక్క ఆసియా మూలాలవారికి 23 దగ్గరే మొదలవుతుంది. నీకు కన్నతల్లి షుగరు కూడా తోడు. మొదటిసారి వెళ్లినప్పుడు ఇవి చెప్పు: తాతయ్యకు 51వ ఏట గుండెపోటు, నాకు 44లో షుగరు, అంతకు ముందే థైరాయిడ్. "మా ఇంట్లో కొందరికి ఉంది" అనకు, వయసులతో సహా చెప్పు. అప్పుడు డాక్టరు తలెత్తి నీ వైపు చూస్తారా, కంప్యూటర్‌లో టిక్కు పెట్టి ముందుకు పోతారా అన్నది గమనించు. నేనైతే డాక్టరును అక్కడే అంచనా వేస్తాను.

ఏడాదికొకసారి చేసే చెకప్‌కు నెట్‌వర్క్‌లో కోపే, అంటే వెళ్లినప్పుడు మన జేబులోంచి కట్టే వాటా, ఉండదు. కానీ అదే రోజు మోకాలి నొప్పి సంగతీ ఎత్తితే, దానికి వేరే బిల్లు రావచ్చు. అలాగని నొప్పి దాచుకోమనడం లేదు, బిల్లు చూసి బెంబేలెత్తవద్దని చెబుతున్నాను. బాగానే ఉన్నాను కదా అని వెళ్లడం మానకు. మూడేళ్లు మొహం చూపించకపోతే మళ్లీ కొత్త పేషెంటు కిందే లెక్క. అప్పుడు ఆ నాలుగు నెలల వరుసలో నువ్వూ నిలబడాలి.

గైనకాలజిస్టుకు రిఫరల్ అక్కర్లేదు, నెట్‌వర్క్‌లో ఉంటే చాలు, నేరుగా వెళ్లు. అర్ధరాత్రి ప్రాణం మీదికి వస్తే ఈ ఉత్తరంలో ఉన్నదేదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. దగ్గరలో ఉన్న ఎమర్జెన్సీకి వెళ్లిపో. నెట్‌వర్క్ కాదు, రిఫరల్ లేదు అని అక్కడ కొర్రీలు పెట్టే వీల్లేదు.

పదకొండు రోజులన్న ఆ క్లినిక్ నంబరు కవరు వెనుక రాశాను. ఎవరిని పెట్టుకోవాలో నీ ఇష్టం. ఆ రిసెప్షనిస్టు మాత్రం నా ఉచ్చారణకు విసుక్కోకుండా ప్లాను పేరు రెండుసార్లు చెప్పించుకుని రాసుకుంది. కార్డు రాగానే ఫోటో తీసి నాకు పంపు. వెనుక వైపు కూడా.

ప్రేమతో,
అమ్మ