అమ్మలూ, పవర్ బటన్ నొక్కకు

చి. స్వాతికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది. పెరట్లో మామిడి విరగ్గాసింది, ఈసారి ఆవకాయకి కాయలు కొనక్కర్లేదు. నీ ఫోన్ వచ్చి పదకొండు రోజులైంది. చదువు ఒత్తిడేమోలే అనుకున్నాను. నిన్న రైతుబజారులో శైలజ వాళ్ళమ్మ కనిపించి, నీ లాప్‌టాప్ మీద టీ ఒలికిందట, ఆన్ కావడం లేదట, నువ్వు రాత్రిళ్ళు అన్నం కూడా తినడం లేదట అంది. నిజమో కాదో నువ్వు చెప్తేగాని తెలీదు. కాకపోతే సంతోషం, ఈ ఉత్తరం దాచుకో.

నిజమే అయితే, ఆరిందేమో చూద్దామని పవర్ బటన్ మాత్రం నొక్కకు. ఛార్జర్ పీకేసి పక్కన పెట్టు. పాలు, పంచదార ఉన్న టీ ఉత్త నీళ్ళకంటే చెడ్డది. తడి ఆరినా జిగురు బోర్డు మీద ఉండిపోయి తేమ పీలుస్తుంది. అందులో కరెంటు పారితే రాగి గీతలు తినేసుకుపోతాయి. బియ్యం డబ్బాలో పెడితే ఒరిగేదేమీ లేదు, నూక వెళ్ళి ఫ్యాన్‌లో పడుతుంది. హెయిర్ డ్రయ్యర్ పెడితే తడి ఇంకా లోపలికి పోతుంది.

పోతే లాప్‌టాప్ పోతుంది, నీ థీసిస్ పోదు తల్లీ. కొన్నప్పుడే చూశాను, నీ దాంట్లో ఎస్‌ఎస్‌డి, అంటే ఫైళ్ళన్నీ ఉండే బిళ్ళ, బోర్డుకి అతికించి లేదు, విడిగా ఊడి వస్తుంది. వెనక మూత స్క్రూలు తీసి, ముందు బ్యాటరీ కనెక్టరు ఊడదియ్యి. వేలెడు పొడవు సన్నటి బిళ్ళ ఒకటి కనిపిస్తుంది, చివర ఒకే ఒక్క స్క్రూతో. ఆ స్క్రూ తియ్యగానే బిళ్ళ తనంతట తనే కాస్త పైకి లేస్తుంది. అదే వాలులో మెల్లిగా లాగు, బంగారు రంగు అంచుని తాకకు. ఆ అంచులో గాడి ఒకటే ఉంటే సాధారణంగా ఎన్‌విఎంఈ రకం, రెండుంటే సాటా రకం. రెండూ పట్టే యుఎస్‌బి ఎన్‌క్లోజర్, అంటే బిళ్ళని లోపల పెట్టి వైరుతో తగిలించే డబ్బా, అడిగి కొనుక్కో. బిళ్ళ మీద టీ మరక లేకపోతే అందులో పెట్టి శైలజ లాప్‌టాప్‌కి తగిలించు. ‘ఫార్మాట్ చెయ్యాలా’ అని అడిగితే చచ్చినా అవుననకు. తాళం బొమ్మ కనిపిస్తే బిట్‌లాకర్, అంటే డిస్కుకి విండోస్ వేసిన తాళం అన్నమాట, దాని సంగతి కింద రాస్తాను. డేటా కాపీ అయ్యాకే లాప్‌టాప్ షాపుకివ్వు, అదీ ఎస్‌ఎస్‌డి లేకుండా. వాళ్ళ పని మెషీన్ ఆన్ అయ్యేలా చెయ్యడం, అందుకోసం విండోస్ మళ్ళీ ఎక్కించేస్తారు.

మావయ్య డిస్కు సంగతి నీకు సగమే తెలుసు, అప్పుడు పరీక్షలని చెప్పలేదు. లాప్‌టాప్‌లో చోటు చాలక ఫొటోలు, రికార్డింగులు అన్నీ బయటి డిస్కులోకి కట్ చేసి పేస్ట్ చేశాడు. ‘బ్యాకప్ తీశానక్కా’ అన్నాడు. ఉన్న ఒక్క ప్రతిని ఈ గదిలోంచి ఆ గదిలోకి మారిస్తే బ్యాకప్ ఎలా అవుతుంది? సంక్రాంతికి పిల్లల కాలికి వైరు తగిలి, తిరుగుతున్న డిస్కు టేబుల్ మీంచి పడింది. మళ్ళీ తగిలిస్తే టక్, టక్, టక్ అని గోడ గడియారంలా ఒకటే లయ. డేటా చదివే లోపలి హెడ్ తన చోటు దొరక్క వెనక్కొచ్చి మళ్ళీ వెతుక్కునే చప్పుడది. అప్పుడే వైరు పీకేసి ఉంటే దారి ఉండేది. షాపు కుర్రాడు రాత్రంతా చెక్‌డిస్క్ అనే ప్రోగ్రాం నడిపాడు. అది ఫైళ్ళ పట్టికని సరిచేసేది, ఫైళ్ళని కాపాడేది కాదు. దెబ్బతిన్న డిస్కు మీద అన్ని గంటలు నడిపితే హెడ్ డేటా ఉండే పళ్ళేన్ని గీరేస్తుంది. తెల్లారాక అతను మూత విప్పాడు. హెడ్‌కీ పళ్ళేనికీ మధ్య సందు దుమ్ము రేణువుకంటే సన్నం, దుమ్ము లేని గదిలో తప్ప విప్పకూడదు. ఆఖరికి హైదరాబాద్‌లో డేటా రికవరీ ల్యాబుకి పంపితే, అద్దంలాంటి పళ్ళెం మీద గుండ్రంగా పడిన గీత ఫొటో తీసి వెనక్కి పంపారు. గుంటూరు పిన్నికి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పెళ్ళి ఫొటోలు మిగిలాయి. తాతయ్య చదివిన భాగవతం పద్యాల రికార్డింగులు పోయాయి. ఆయన గొంతు మన దగ్గర ఇంకెక్కడా లేదు.

అందుకే పోరుతున్నాను. మూడు ప్రతులుండాలి, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్ళో. గూగుల్ డ్రైవ్‌లో ఉందిగా అంటావు. అది సింక్. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది, బిన్‌లో 30 రోజులుండి అదీ పోతుంది. డిస్కు ఎప్పుడూ తగిలించి ఉంచకు, ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ వస్తే దానికీ కలిపి తాళం వేస్తుంది. ఆదివారం తలంటుకునే ముందు తగిలించు. 200 జీబీ అయినా యుఎస్‌బి 3లో సెకనుకి 100 ఎంబీ చొప్పున అరగంట పైచిలుకే. నెలకోసారి ఆ డిస్కులోంచి ఒక ఫైలు తెరిచి చూడు, తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. పొరపాటున ఏదైనా డిలీట్ చేస్తే, ఎస్‌ఎస్‌డిలో ట్రిమ్ అనే ఆదేశం ఆ చోటుని కాసేపట్లోనే తుడిచేస్తుంది. పాత డిస్కుల్లోలా తర్వాత వెతుక్కోవచ్చు అనుకోకు.

శైలజ వాళ్ళన్నయ్య శనివారం అక్కడికొస్తున్నాడు. 1 టీబీ డిస్కు పాత చీర ముక్కలో చుట్టి పంపుతున్నాను. కందిపొడి, నెయ్యి వేరే సంచిలో ఉన్నాయి, డిస్కుతో కలపకు. రాత్రి ముద్ద కలుపుకుని తిను. లాప్‌టాప్ గురించి నాన్నగారు ఏమీ అనరు, నేను మాట్లాడాను.

బిట్‌లాకర్ రికవరీ కీ నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్‌లోనే చూసుకోవచ్చు. పాస్‌వర్డ్ గుర్తు లేకపోతే కంగారుపడకు. లాప్‌టాప్ కొన్ననాడే ఆ 48 అంకెలూ పద్దు పుస్తకం ఆఖరి పేజీలో రాసిపెట్టాను. ఆరేసి చొప్పున ఎనిమిది వరుసలు. ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి, చదివి చెప్తాను.

అమ్మ