సామెతకు నాలుగు ఆప్షన్లు, ఒకే జవాబా?

సంపాదకులకు నమస్కారం.

టెట్, డీఎస్సీ గైడ్లలో సామెతకు ఎదురుగా ఒక వాక్యంలో అర్థం రాసి ఉంటుంది. పరీక్షలో నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఒకటి గుర్తించమంటారు. పత్రికల పిల్లల పేజీల్లోనూ ఇదే పద్ధతి. రేపు బడిలో తెలుగు చెప్పబోయేవాళ్లు సామెతలను ఇలా బట్టీ పట్టడం నాకు బాధగా ఉంది.

పామూ కర్రా సామెతనే చూడండి. 'పాము చావాలి, కర్ర విరగకూడదు' అంటే మనకు నష్టం లేకుండా పని పూర్తి చేసుకోమని. 'పామూ చావలేదు, కర్రా విరగలేదు' అంటే హడావిడే తప్ప జరిగిందేమీ లేదని ఎత్తిపొడుపు. అదే అన్నదమ్ముల తగువు తీర్చి వచ్చిన పెద్దమనిషి 'పాము చావకుండా, కర్ర విరగకుండా చూశాను' అంటే, ఇద్దరి మనసూ నొప్పించలేదని సంతోషంగా చెప్పుకోవడం. వీటిలో ఏ ఆప్షన్‌కు మార్కు వేస్తారు?

మా పాలమూరు వైపు వాళ్లకు గుండెకు తగిలే సామెత ఇంకొకటి ఉంది. 'ఉత్తర చూసి ఎత్తర గంప.' ఈ కాలం పిల్లలు ఉత్తర అంటే దిక్కు అనుకుంటారు, వాళ్ల తప్పు లేదు. ఇక్కడ ఉత్తర కార్తె, అంటే నక్షత్రం పేరుతో రైతులు సేద్యానికి లెక్కపెట్టుకునే సుమారు రెండు వారాల కాలం. సెప్టెంబరు రెండో వారం దాటుతుండగా వస్తుంది. అప్పటికీ వాన పడకపోతే మెట్ట రైతుకు ఆ ఏటి పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. గంపలో సామాన్లు సర్దుకుని ఊరు విడిచి పొమ్మంటోంది సామెత. బొంబాయికీ పుణెకూ వలసపోయిన కుటుంబాలు ఉన్న ఊళ్లలో దీనికి వేరే వివరణ అక్కర్లేదు. అయితే ఆ మాట అనే తీరులో తేడా ఉంటుంది. అప్పులిచ్చినవాడు అంటే బెదిరింపు, పక్క చేను రైతు అంటే ఓదార్పు. ఇంకా నాలుగు రోజులు ఆగుదామనే భర్తతో భార్య అంటే, ఇక ఆలస్యం చేస్తే పిల్లలు పస్తులుంటారనే హెచ్చరిక. 'వానలు లేకపోతే వలస పోవాలి' అని గైడ్‌లో రాస్తే తప్పు కాదు, కానీ ఇదంతా అందులో ఎక్కడుంది?

'కోటి విద్యలు కూటి కొరకే' కూడా అంతే. డిగ్రీ చదివి డెలివరీ పనిలో చేరిన కొడుకుతో తల్లి అంటే ధైర్యం. తోలుబొమ్మలాట ఆడే కళాకారుణ్ణి చూసి అంటే చులకన.

ఒకే అర్థం పట్టుకుంటే కీడు కూడా జరుగుతుంది. 'మొక్కై వంగనిది మానై వంగునా' అంటూ పిల్లలను కొట్టడాన్ని సమర్థించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను నిషేధించింది. నిజానికి ఆ సామెతలో దెబ్బల మాటే లేదు. మొక్కను వంచేవాడు దాన్ని విరవకుండా మెల్లగా వంచుతాడు. లేత వయసులో ఓపికగా నేర్పమనే అర్థాన్ని మన టీచర్లకు ఎవరూ చెప్పకపోతే ఎలా?

1868లో కెప్టెన్ కార్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మద్రాసులో తెలుగు సామెతలు అచ్చు వేయించినప్పుడు ఇంగ్లీషు అనువాదంతో ఆగకుండా వివరణలు కూడా ఇచ్చాడు. మన భాషలో మనం అంతకన్నా ఎక్కువే చేయాలి. కార్తెల సామెతలను నోటితో పలికి, వాటిని నమ్మి విత్తనం వేసిన తరం ఇప్పుడు ముసలితనంలో ఉంది. వాళ్ల దగ్గర సామెత ఒక్కటే రాసుకుంటే చాలదు. ఎవరు ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు, విన్నవాళ్లు నవ్వారా నొచ్చుకున్నారా అన్నది కూడా రాసుకోవాలి. ఆడవాళ్లనూ కొన్ని కులాలనూ కించపరిచే సామెతలకు ఇది మరీ అవసరం. వాటిని దాచేయకుండా, ఎవరిని ఎలా నొప్పించాయో పక్కనే రాయాలి.

పరీక్ష పేపరు తయారుచేసేవారికి నా విన్నపం ఒకటే. అర్థం అడగకండి. ఒక సందర్భం ఇచ్చి, అక్కడ ఈ సామెత ఎవరు వాడితే సరిపోతుందో, ఎందుకో రెండు వాక్యాలు రాయమనండి. దిద్దడానికి కాస్త కష్టమే, అయినా చేయదగిన కష్టం.

మీ ఆదివారం అనుబంధంలో ఇందుకోసం అర పేజీ కేటాయించగలరా? జిల్లాల వారీగా పాఠకుల నుంచి సామెతలను సందర్భంతో సహా రాబట్టండి. మా మండలంలోని పెద్దలను కలిసి మొదటి విడత నేను పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మహబూబ్‌నగర్