పాత మోటార్‌హోమ్ ఎంఓటీ పాసవుతుందా? ఈ సీజన్‌కు ముందు మా కస్టమర్లకు కొన్ని మాటలు

నమస్కారం. ఈస్టర్ సెలవులు దగ్గర పడుతున్నాయి కాబట్టి, మోటార్‌హోమ్‌లు (లోపలే వంట, పడక ఉండే బండ్లు) బాగుచేసే మా షెడ్డుకు ఫోన్లు మొదలయ్యాయి. దాదాపు అందరూ అడిగేది ఒకటే: "మా బండికి పదిహేనేళ్లు దాటాయి, ఈసారి ఎంఓటీ పాసవుతుందంటారా?" ఎంఓటీ అంటే ఇక్కడ బ్రిటన్‌లో బండ్లకు ఏటా జరిగే తప్పనిసరి రోడ్డు భద్రతా పరీక్ష. పనిలో ఉండి ఫోనెత్తి ఒక్కొక్కరికీ అరకొరగా జవాబు చెప్పే బదులు ఒకేసారి వివరంగా రాస్తున్నాను. ఈ ఏడాది నుంచి మా పనితీరులో కొన్ని మార్పులు వస్తున్నాయి. వాటిలో ఒకటి రెండు మీకు నచ్చకపోవచ్చు.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. పరీక్ష చేసేది మేము కాదు. మేము బండిని సిద్ధం చేసి, అనుమతి ఉన్న టెస్ట్ స్టేషన్‌కు తీసుకెళ్తాం. పాస్, ఫెయిల్ నిర్ణయం అక్కడి టెస్టరుది. బండి ఫెయిలైతే రిపేరు పని మాకే వస్తుందన్నది నిజం. కాబట్టి నేను చెప్పేదాన్ని కాస్త అనుమానంతో వినడంలో తప్పు లేదు. అందుకే ఏం చూస్తారో, ఎందుకు ఫెయిల్ చేస్తారో కూడా రాస్తున్నాను, మీరే సరిచూసుకోవచ్చు.

అసలు ప్రశ్నకు నా జవాబు: పాసవుతుంది. బాగా చూసుకున్న పాత మోటార్‌హోమ్ ఏటా పాసవుతూనే ఉంటుంది. ఈ బండ్లలో ఎక్కువ భాగం ఫియట్ డుకాటో, పెజో బాక్సర్, ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యాన్ల మీద కట్టినవే. సరుకులు మోస్తూ రోజంతా తిరగడానికి తయారైన వ్యాన్లు అవి. అదే వ్యాను మోటార్‌హోమ్‌గా మారాక ఏడాదిలో కొన్ని వారాలే రోడ్డెక్కుతుంది. ఇరవై ఏళ్ల బండిలో కూడా ఇంజను ఇంకా కుర్రతనంలోనే ఉంటుంది. ఈ దేశంలో కార్లు, చిన్న వ్యాన్లలో సుమారు 30 శాతం మొదటిసారి ఎంఓటీలో తప్పుతాయి. మా చేతుల మీదుగా వెళ్లే పాత మోటార్‌హోమ్‌లు అంతకంటే హీనంగా ఏమీ లేవు. యజమానులు వీటిని కార్లకంటే ముద్దుగా చూసుకుంటారన్నది నా అనుభవం.

వీటిని దెబ్బతీసేది వయసు కాదు, తిరగకుండా నిలబడి ఉండటం.

హ్యాండ్‌బ్రేకే తీసుకోండి. అక్టోబరులో బండిని నిలిపి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, తాళం వేసి వెళ్తారు. ఆ తడి చలికాలమంతా కేబుళ్లలో తుప్పు చేరుతుంది, వెనక బ్రేకులు పట్టేసుకుంటాయి. మార్చిలో కాస్త గట్టిగా కదిపితే బండి కదులుతుంది, మీరు సమస్య తీరిందనుకుంటారు. టెస్ట్ స్టేషన్‌లో రోలర్ల మీద పెట్టినప్పుడు హ్యాండ్‌బ్రేక్ కనీసం 16 శాతం సామర్థ్యం (బండి బరువుతో పోలిస్తే బ్రేకు పట్టే బలం) చూపాలి. చాలా బండ్లు తడబడేది సరిగ్గా అక్కడే. ఒక పక్క చక్రం పట్టుకుంటుంది, రెండో పక్కది జారుతూ ఉంటుంది. మామూలు బ్రేకులదీ ఇదే తీరు. డిస్కుల మీద తుప్పు పొరలు కడితే ప్యాడ్లు పూర్తిగా ఆనవు. అందుకే పరీక్షకు ముందు వారంలో బండిని కనీసం రెండుసార్లు దూరం నడపమని అడుగుతున్నాం. నడిపేటప్పుడు, వెనక ఎవరూ లేని చోట, బ్రేకులు నాలుగైదు సార్లు గట్టిగా వేయండి. ఖర్చు లేని వైద్యమిది, సగం బండ్లకు ఇదే చాలు. చలికాలంలో నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వదిలేసి, గేరులో ఉంచి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టడం మరీ మంచిది. స్థలం చదునుగా ఉంటేనే సుమా.

తర్వాత లైట్లు. ముందు భాగంలో ఉన్నవి వ్యాను కంపెనీ పెట్టినవి, అవి సాధారణంగా ఇబ్బంది పెట్టవు. వెనకవి మాత్రం మోటార్‌హోమ్ కట్టినవాళ్లు పెట్టినవి. ఆ వైర్లు గోడల లోపల నుంచి మొత్తం పొడవునా పోతాయి, ఎర్త్ కనెక్షన్‌కు తుప్పు పడుతుంది. బ్రేక్ నొక్కితే ఇండికేటర్ మిణుకుమంటుంది, నంబర్ ప్లేటు బల్బు వెలగదు. బల్బు మార్చినంత మాత్రాన ఇది పోదు. ఎలుకలు వైర్లు కొరికిన బండ్లు కూడా ప్రతి వసంతంలో కనిపిస్తాయి. లోపల బిస్కెట్ల డబ్బా వదిలిన ఇళ్లవే ఎక్కువ. వైపర్ రబ్బర్లు ఎండి చీలిపోవడం చిన్న విషయమే, కానీ దానికీ ఫెయిల్ చేస్తారు. రెండు నిమిషాల్లో మార్చే వస్తువు కోసం మళ్లీ పరీక్షకు తిరగడం నాకు చిరాకు.

తుప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, డబ్బు పెద్దమొత్తంలో పోయేది ఇక్కడే. బండి కింద తుప్పు కనిపించినంత మాత్రాన ఫెయిల్ చేయరు. సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, సీటు బెల్టులు బిగించిన చోట్ల నుంచి 30 సెంటీమీటర్ల లోపల లోహం బలహీనపడిందా అన్నది ముఖ్యం. టెస్టరు అక్కడ తట్టి చూస్తాడు, వేలితో నొక్కి చూస్తాడు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు, సముద్రం ఒడ్డున క్యాంపింగ్, తడి గడ్డిలో నెలల తరబడి పార్కింగ్ అన్నీ కలిసి ఆ చోట్లనే తింటాయి. ఆల్‌కో చాసీ (వ్యాను వెనక భాగానికి బదులు ఆల్‌కో కంపెనీ అమర్చే ఫ్రేము) ఉన్న బండ్లలో వెనక ఫ్రేముకు జింకు పూత ఉంటుంది కాబట్టి అది చాలాకాలం నిలుస్తుంది, ముందున్న వ్యాను భాగమే ముందు పాడవుతుంది. అయితే పాత ఆల్‌కో వెనక యాక్సిల్‌కు ఏటా గ్రీజు కొట్టాలి. పుస్తకంలో రాసి ఉన్నా ఎవరూ చదవరు, సాధారణ గ్యారేజీలకు అక్కడ గ్రీజు నిపుల్ ఉందన్న సంగతే గుర్తుండదు. యాక్సిల్ లోపల పొడిబారి పాడైతే బాగుచేయడం కుదరదు, మార్చాల్సిందే. ఆ బిల్లు చూసి బండిని అమ్మేసుకున్న కుటుంబాలు నాకు తెలుసు.

యూరప్ నుంచి తెచ్చిన ఎడమ స్టీరింగ్ బండ్లవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. హెడ్‌లైటు డిప్ కాంతి కుడివైపుకు ఎగబాకితే ఇక్కడ ఫెయిల్. వెనక ఫాగ్ లైటు ఒకటే ఉంటే అది మధ్యలోనో కుడి పక్కనో ఉండాలి, ఎడమవైపు ఉంటే కుదరదు. నాణ్యతలో ఎంత గొప్ప జర్మన్ బండైనా ఈ రెండింటి దగ్గర చిక్కుకుంటుంది.

డాష్‌బోర్డు మీద ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ దీపాలు వెలుగుతూ ఉంటే ఫెయిల్. డీజిల్ పొగ వడపోసే ఫిల్టరును ఎవరో తీసేసి ఉంటే 2014 నుంచి అదీ ఫెయిలే. పొగ పరీక్షకు ముందు ఇంజను బాగా వేడెక్కి ఉండాలి. నేరుగా పార్కింగ్ నుంచి అయిదు నిమిషాల్లో తీసుకెళ్లకండి.

ఇంతవరకూ చెప్పింది పరీక్షలో చూసేవాటి గురించి. చూడనివాటి గురించి మాట్లాడటం నాకు అంతకంటే ముఖ్యం. ఎంఓటీ 1960లో మొదలైనప్పుడు పదేళ్లు దాటిన బండ్లకే ఉండేది, 1967 నుంచి మూడేళ్ల బండికి కూడా తప్పనిసరైంది. అప్పుడైనా ఇప్పుడైనా దాని ఉద్దేశం ఒకటే: ఆ రోజు ఆ బండి రోడ్డు మీద నడవడానికి కనీస స్థాయిలో ఉందా లేదా అన్నది. మీరు వంట చేసే గ్యాస్ స్టవ్వు, హీటరు, గ్యాస్ గొట్టాలు ఆ పరీక్షలోకి రావు. గోడల్లోకి నీరు దిగి లోపలి చెక్క కుళ్లిపోయినా టెస్టరుకు సంబంధం లేదు. టెస్టరు ఏ భాగాన్నీ విప్పి చూడకూడదు కూడా. నీళ్ల ట్యాంకు వెనక దాక్కున్న తుప్పు అలాగే ఉండిపోతుంది. బండిని తూకం వేయరు. 3,500 కిలోల పరిమితి ఉన్న బండిలో సామాను, సైకిళ్లు, నిండు నీళ్ల ట్యాంకు పెట్టి 3,800 కిలోలతో తిరుగుతున్నా ఎంఓటీ కాగితం శుభ్రంగానే వస్తుంది.

టైర్ల వయసూ చూడరు. 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలు, బస్సుల ముందు యాక్సిల్ మీద పదేళ్లు దాటిన టైర్లు నిషేధం. మామూలు మోటార్‌హోమ్‌కు ఆ నిషేధం లేదు. తక్కువ తిరుగుతుంది కాబట్టి గాడులు కొత్తవాటిలాగే ఉంటాయి, రబ్బరు మాత్రం లోపల గట్టిపడి ఉంటుంది. పూర్తి బరువుతో, ఎండాకాలంలో, మోటార్‌వే మీద పేలేవి ఇవే. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి: 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం.

అందుకే "పన్నెండు నెలల ఎంఓటీ ఉంది" అన్న ఒక్క మాట నమ్మి పాత మోటార్‌హోమ్ కొనేవాళ్లను చూస్తే నాకు భయం. కొనేముందు ప్రభుత్వ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టండి. 2005 నుంచి ఉన్న పరీక్షల చరిత్ర ఉచితంగా కనిపిస్తుంది. పాస్, ఫెయిల్ మాత్రమే చూసి వదిలేయకండి. సలహాగా రాసిన అంశాలు చదవండి. వరసగా నాలుగేళ్లు "బ్రేకు పైపు మీద స్వల్ప తుప్పు" అని ఉంటే, ఆ యజమాని నాలుగేళ్లూ దాన్ని పట్టించుకోలేదని తెలుస్తుంది. ఒకసారి ఫెయిలై, అదే వారంలో అన్నీ బాగుచేయించి పాసైన బండిని నేను దానికంటే ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు మా దగ్గర వస్తున్న మార్పులు.

పాస్ గ్యారంటీ అడగకండి, ఇవ్వం. ముందస్తు తనిఖీ చేసి, మాకు కనిపించినవన్నీ ఫొటోలతో రాసిస్తాం. ఏది తప్పనిసరి, ఏది వచ్చే ఏడాదికి ఆగొచ్చు అన్నది విడివిడిగా చెబుతాం. పదేళ్లు దాటిన టైర్లతో ఉన్న బండిని చట్టం ఒప్పుకున్నా మేము పరీక్షకు నడుపుకెళ్లం. దాన్ని నడిపేది మా మనిషి, ఈ విషయంలో బేరం లేదు. చాసీ వెల్డింగ్ పని కూడా ఆపేస్తున్నాం. నమ్మకంగా చేసే వెల్డరు ఇప్పుడు మా దగ్గర లేడు. ఎవరితోనో అతుకు వేయించి పైన నల్ల రంగు పూయడం నాకు ఇష్టం లేదు. వెల్డింగ్ అవసరమైతే ఎక్కడికి వెళ్లాలో చెబుతాం, అందులో మాకు కమీషన్ ఏమీ ఉండదు. గ్యాస్, తేమ తనిఖీ వేరే పని, వేరే బిల్లు. ఎంఓటీతో కలిపి చేయించుకుంటే మీకు ఒక ప్రయాణం తగ్గుతుంది, అంతే.

ఇక తేదీల సంగతి. గడువుకు ముందు, నెలకు ఒక్క రోజు తక్కువ వ్యవధిలో, ఎప్పుడు పరీక్ష చేయించినా మీ పాత తేదీయే వచ్చే ఏడాదికీ కొనసాగుతుంది. మే 15న ముగిసేవాళ్లు ఏప్రిల్ 16 నుంచి చేయించుకోవచ్చు. గడువు చివరి వారంలో వచ్చే బండ్లను ఈ ఏడాది తీసుకోం. ఎందుకంటే ఫెయిలైతే చిక్కు పెద్దది. పాత ఎంఓటీకి ఇంకా గడువుండి, ప్రమాదకరమైన లోపం ఏదీ రాయకపోతే, నడపడానికి తగిన స్థితిలో ఉన్న బండిని ఇంటికి తీసుకెళ్లొచ్చు. గడువు దాటిపోతే రిపేరుకో ముందుగా బుక్ చేసిన పరీక్షకో తప్ప రోడ్డెక్కకూడదు. ప్రమాదకరం అని రాసిన బండిని ఆ స్థితిలో నడిపితే 2,500 పౌండ్ల వరకు జరిమానా పడొచ్చు. విడిభాగాలు రావడానికి వారం పట్టే బండ్లివి. సెలవు బుకింగ్ పోయిందని మీరు బాధపడటం, మా కుర్రాళ్లు రాత్రిళ్లు పనిచేయడం రెండూ నాకు వద్దు.

టెస్ట్ స్టేషన్ విషయంలోనూ ఒక మాట. మోటార్‌హోమ్ బరువు ఎంతైనా పరీక్ష కార్ల తరగతి కిందికే వస్తుంది, ఫీజు 54.85 పౌండ్లు మించకూడదు. కానీ ప్రతి స్టేషన్‌లోనూ అంత ఎత్తు తలుపు, అంత బరువు మోసే లిఫ్టు ఉండవు. మేము వాడే స్టేషన్ వారంలో రెండు రోజులే పెద్ద బండ్లను తీసుకుంటుంది. స్లాట్లు తక్కువ కావడానికి అదే కారణం.

ఏప్రిల్, మే నెలల్లో గడువు ముగిసేవాళ్లు ఈ వారమే ఫోన్ చేయండి, మైలేజీ, టైర్ల మీది నాలుగంకెలు దగ్గర పెట్టుకుని. బండి తెచ్చేటప్పుడు గ్యాస్ సిలిండర్ వాల్వు మూసేయండి, నీళ్ల ట్యాంకులు ఖాళీ చేయండి, వెనక సీట్ల మీద పరుపులు, పెట్టెలు తీసేయండి. బెల్టులు చేతికి అందకపోతే టెస్టరు చూడలేడు. చక్రాల నట్లకు ప్రత్యేక తాళం ఉంటే అది కూడా తాళాల గుత్తికి తగిలించి ఇవ్వండి.