పాత టోపీకి పచ్చరంగు

సంపాదకుడు గారికి,

జెండా పండగ దగ్గర పడితే ఆఫీసుల్లో, బడుల్లో సున్నాలూ రంగులూ మొదలవుతాయి. గోడలకు వేస్తే సంతోషమే. అదే బ్రష్షు వరండాలోని పాత ఫిరంగి మీదికి, అద్దాల బీరువాలోని హెల్మెట్ల మీదికి పోతోంది. నా బాధ దాని గురించే.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పట్లో మా నాన్నగారు ఇక్కడ ఏఆర్‌పీ (వైమానిక దాడుల ముందుజాగ్రత్త దళం) వార్డెన్. రాత్రిళ్లు వీధుల్లో తిరిగి దీపాలు ఆర్పించేవారట. ఆయన ఉక్కు టోపీ బోర్లించిన పళ్లెంలా ఉండేది. నలుపు మీద తెల్లగా ఇంగ్లిష్ ‘డబ్ల్యూ’ అక్షరం. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ ప్రదర్శన పెడుతుంటే ఇచ్చాను. మరుసటి ఏడాది వెళ్లి చూద్దును కదా, నిగనిగలాడే పచ్చ ఎనామిల్! ‘మిలిటరీది కదండీ, పచ్చగా ఉంటే బావుంటుందని’ అన్నారు. నేను గొడవ పెట్టుకోవడంతో అసలు నష్టం జరిగింది. పెయింటర్ని పిలిచి థిన్నరూ ఇనుప బ్రష్షూ చేతికిచ్చారు. గంటలో పచ్చరంగు వదిలింది, దాని వెనకే కింది రంగూ వదిలింది.

ఇందులో పెయింటర్ తప్పు లేదు. గేటు రంగు గీకమన్నా అలాగే గీకుతాడు. కానీ ఇలాంటి టోపీ కథంతా కాగితమంత పొరలో ఉంటుంది. బ్రిటన్‌లో డబ్ల్యూ అంటే వార్డెన్, ఆర్ అంటే శిథిలాల్లోంచి మనుషుల్ని తీసే దళం. అంచుకు లోపల తయారీదారు గుర్తు, సంవత్సరం గుద్ది ఉంటాయి. కొన్నింటి అంచుకు చిన్న చిల్లులుంటాయి. తుప్పు తిన్నదనుకుని లప్పం పెట్టేవాళ్లున్నారు. ఆ ఉక్కు నాసిది, యుద్ధరంగానికి పనికిరాదని చెప్పడానికి వేసిన చిల్లులవి.

ఆ తర్వాత, కింది రంగు చెడకుండా పైరంగు తీసే పని తెలిసినాయన ఒకరిని కలిశాను. ముందు ఫొటోలు తీస్తారు. టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే పైరంగు కింద అక్షరం అంచు ఉబ్బెత్తుగా తెలుస్తుంది. కనపడని చోట వడ్లగింజంత మేర పరీక్షిస్తారు. పైన వేసింది ఎమల్షన్ అయితే స్పిరిట్‌లో ముంచిన దూదికి మెత్తబడుతుంది. ఎనభై ఏళ్లు గట్టిపడిన నూనె రంగు చాలావరకు తట్టుకుంటుంది. ఎనామిల్ అయితే చిక్కే. దాన్ని కరిగించేది కింది రంగునూ కరిగిస్తుంది. అప్పుడిక భూతద్దం కింద సన్నటి కత్తితో పెచ్చు తర్వాత పెచ్చు లేపాల్సిందే, రోజులు పడుతుంది. జర్మన్ హెల్మెట్లకు అంటించిన బొమ్మలైతే మరీ సున్నితం, అసిటోన్ తగిలితే చాలు, చెదిరిపోతాయి. గరుకు కాగితం అసలే వద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ ధూళి పీల్చకూడదు.

చట్టం ఆదుకుంటుందా అంటే, 1972 నాటి పురావస్తువుల చట్టం ఇలాంటి వస్తువుల్లో వందేళ్లు నిండినవాటికే. రెండో ప్రపంచ యుద్ధపు టోపీ దాని లెక్కలోకి రావాలంటే 2040 దాటాలి. ఈలోగా ఎన్ని జెండా పండగలు వస్తాయో!

రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలూ బడులకు, ఆఫీసులకు, మాజీ సైనికుల సంఘాలకు ఒక్క పేజీ సర్క్యులర్ పంపితే చాలు. పాత సైనిక వస్తువులకు రంగు వేయొద్దు. ఇప్పటికే వేసి ఉంటే గీకొద్దు, అలాగే ఉంచండి. పైరంగు వల్ల కింది అక్షరానికి వెంటనే వచ్చే ముప్పేమీ లేదు. తీయించాలనిపిస్తే సాలార్‌జంగ్ మ్యూజియం పరిరక్షణ విభాగాన్నో, లక్నోలోని జాతీయ పరిరక్షణ ప్రయోగశాలనో ముందు అడగండి.

నాన్నగారి టోపీ ఇంటికి తెచ్చేసుకున్నాను. డబ్ల్యూలో ఎడమ సగం మిగిలింది. మా మనవడు దాన్ని ‘వి’ అని చదువుతున్నాడు.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం